కొలంబియా నాచు

జక్కయ్యకి ఉన్న భయాలన్నిటికీ పెద్దన్న జెర్రి.

మిగతా భయాలు చెబితే మీకు నవ్వొస్తుంది. లిఫ్టులో ఒంటరిగా ఎక్కడు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే అది మోగి మోగి ఆగిపోయేదాకా దాని వంక చూస్తూ కూర్చుంటాడు. తెల్లటి పొడుగు చొక్కాలో ఎవరైనా పెద్దమనిషి నర్సరీ గేటు ముందు కారాపితే, పూలకుండీ కొనడానికి వచ్చాడని మిగతా పనివాళ్ళు అనుకుంటారు. తన వీసా క్యాన్సిల్ చెయ్యడానికే వచ్చాడని మనవాడు అనుకుంటాడు. ఖతర్ వచ్చి పద్నాలుగేళ్ళయినా ఆ గుబులు ఆవగింజంత కూడా తగ్గలేదు.

జెర్రి భయం మాత్రం నవ్వులాట కాదు. దానికి కారణం ఉంది. జక్కయ్యది కోనసీమలో మలికిపురం అవతల ఓ పల్లె. నాన్న కొబ్బరికాయలు ఒలిచేవాడు. చిన్నప్పుడు ఓ రోజు కొబ్బరి డొక్కల పోగు మీద ఎక్కి ఆడుతుంటే, చొక్కాలోంచి ఏదో చల్లగా వీపు మీదికి పాకింది. చేత్తో తోసెయ్యబోయాడు. భుజం మీద నిప్పు పెట్టినట్టయింది. ఇరుగుపొరుగు వాళ్ళు మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపొమ్మన్నారు. నాన్న చర్చిలో సంఘపెద్ద, మంత్రాలూ మాయలూ మనకొద్దు, ప్రార్థన చేసుకుందాం అన్నాడు. ఉల్లిపాయ దంచి భుజానికి కట్టి, అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి మోకరించాడు. "ప్రార్థన అయ్యేదాకా నోరు తెరవకూడదు, ఏడిస్తే నామర్దా," అని కొడుకుతో చెప్పాడు. ఆ ప్రార్థన ఎంతకీ అవ్వలేదు. పిల్లాడు పెదాలు రెండూ లోపలికి మడుచుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా కిక్కురుమనలేదు. సంఘమంతా వాణ్ణి మెచ్చుకుంది. భయమేస్తే నోరు మూసుకోవాలని జక్కయ్య ఆరోజు నేర్చుకున్నాడు, ఆ పాఠం మాత్రం బాగా వంటపట్టింది.

అప్పటినుంచీ బూట్లు దులపకుండా వేసుకోడు. దోహాలో మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక పాత విల్లాని గదులు గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు, అందులో వెనక వాటా వీళ్ళది. రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి రెండు బూట్లూ తలకిందులు చేసి టపటపా కొడతాడు. భార్య సుకుమారి టీ కప్పు చేత్తో పట్టుకుని చూస్తూ ఉంటుంది.

"ఏవండీ, ఈ ఇసకలో మీ బూటు కోసం జెర్రి ఎక్కణ్ణుంచి రావాలండీ? టికెట్ కొనుక్కుని ఫ్లైటెక్కి రావాలి," అంటుంది.

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆవిడ నోట్లో ఏ ముహూర్తాన ఆ మాట వచ్చిందో గానీ, అది నిజంగానే ఫ్లైటెక్కి వచ్చింది.

జక్కయ్య పనిచేసేది దుఖాన్ రోడ్డు మీద ఓ నర్సరీలో. హోటళ్ళ లాబీల్లో, పెద్ద ఆఫీసుల్లో గోడల నిండా పచ్చగా పెంచుతారు చూడండి, ఆ మొక్కలు అక్కడి నుంచి వెళతాయి. నవంబరు చివర్లో ఓ కొత్త హోటలు కోసం కొలంబియా నుంచి ఆర్కిడ్ మొక్కలు వచ్చాయి. చెట్టు బెరడు ముక్కల మీద పెంచినవి. చుట్టూ తడి నాచు కూరి, చెక్కపెట్టెల్లో సర్ది పంపించారు. బయటి దేశం నుంచి మొక్కలొస్తే నియమం ఒకటే. మొక్కని కడిగి విడిగా పెట్టాలి, దాంతోపాటు వచ్చిన నాచు, బెరడు, పీచు ఏదున్నా ఆ పూటే డ్రమ్ములో వేసి కాల్చెయ్యాలి. బయట చెత్తలో పారెయ్యడానిక్కూడా లేదు. ఆ కాల్చే పని జక్కయ్యదే. ఇన్నేళ్ళలో ఒక్క పుల్ల కూడా కాల్చకుండా వదల్లేదు. నియమం అంటే ఉన్న భక్తి కాదు లెండి, భయం.

అంత పిరికివాడు ఆరోజు ఒక్క సంచి నాచు పక్కన పెట్టాడంటే, అది కూతురి కోసం. షెరిన్‌కి ఐదేళ్ళు. మనవాళ్ళందరిలాగే వీళ్ళూ డిసెంబరు రాగానే ఇంటి మీద నక్షత్రం కట్టి, హాల్లో బాలయేసు పుట్టిన పశువుల పాక బొమ్మలతో పెట్టుకుంటారు. నిరుడు థర్మోకోల్ ముక్కలకి ఆకుపచ్చ కాగితం అంటించి పెడితే, ఆ పిల్ల గొర్రెబొమ్మని చేత్తో పట్టుకుని, "నాన్నా, దీనికి గడ్డేదీ?" అని అడిగింది. అడిగి ఊరుకోలేదు, క్రిస్మస్ అయ్యేదాకా అదే పాట. ఇప్పుడు ఎదురుగా పెట్టెడు నాచు, పచ్చగా, మెత్తగా, మన ఊళ్ళో వానాకాలం గోడ మీద పట్టినట్టు. ఒక్క సంచి. ఎవరూ చూడలేదు. డ్రమ్ములో మంట ఎగదోస్తూ సంచిని లంచ్ బ్యాగు కింద తోసేశాడు.

హాల్లో పొట్టి బల్ల మీద ఆ నాచు పరిచి, దాంతో వచ్చిన బెరడు ముక్కలతో పాక కడుతుంటే షెరిన్ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

"ఎక్కడిది నాన్నా?"

జక్కయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎక్కడిదో నీకెందుకమ్మా. ఎవరడిగినా తెలీదని చెప్పు. ఇందులో ఏం ఉందో, ఎక్కడిదో ఒక్కరికి కూడా చెప్పకూడదు. చెబితే కంపెనీ వాళ్ళు నాన్నని ఇంటికి పంపించేస్తారు. అమ్మక్కూడా చెప్పకు."

ఆ పిల్ల బుద్ధిగా తలూపింది. సుకుమారి అడిగితే, షెరిన్ వింటుండగానే, పూలమొక్కలు అమ్మే సూక్‌లో, అంటే ఇక్కడి బజార్లో, కొన్నానన్నాడు.

ఆ డిసెంబరు మొదట్లో ఇల్లు ఎంత కళగా ఉందో. సాయంత్రం స్కూలు నుంచి రాగానే షెరిన్ పాక దగ్గర చేరేది. గొర్రెల్ని సర్దేది, నాచు మీద నీళ్ళు చిలకరించేది, అమ్మ డబ్బాలోంచి దూది పింజలు తీసుకెళ్ళి పాక లోపల కప్పేది. బొమ్మ బాలయేసుకి దుప్పటి కప్పుతోంది కాబోలని సుకుమారి మురిసిపోయేది. "మీ కూతురు చూడండి, ఎంత మెల్లగా కప్పుతుందో, నిజం పిల్లాణ్ణి కప్పినట్టు," అనేది. జక్కయ్య కూడా మురిసిపోయాడు. ఆ దూది సంగతి గుర్తుంచుకోండి.

క్రిస్మస్ ఇంకా వారం ఉందనగా, గురువారం మధ్యాహ్నం సూపర్‌వైజర్ అమర్‌నాథ్ షెడ్డులోకి పిలిచాడు. అమర్‌నాథ్‌ది అనంతపురం, మంచివాడే గానీ మాట కరుకు. ఖాళీ చేసిన కొలంబియా పెట్టెల్ని విరగ్గొడుతుంటే ఒకదాని అడుగున ఏదో ఎండిపోయింది దొరికిందట. బల్ల మీద తెల్లకాగితం వేసి దాని మీద పెట్టాడు. జక్కయ్య దూరం నుంచి చూసి అక్కడే ఆగిపోయాడు. ఎర్రగా, పల్చగా, పొర పొరగా, జానెడు పైనే ఉంది. రెండు వైపులా కాళ్ళు. అన్నీ కాళ్ళే.

"చచ్చిపోయిందిలే, రా," అన్నాడు అమర్‌నాథ్. "రూల్ ప్రకారం పురుగుల మేడమ్‌కి ఫోన్ చేసినా. వస్తాంది."

పురుగుల మేడమ్ అంటే గౌహర్. హైదరాబాద్ ఆవిడ, దోహాలో ఒక యూనివర్సిటీలో చేస్తుంది, మొక్కలతో ఏ పురుగు దిగినా ఆవిడకే చూపిస్తారు. వచ్చింది, కుర్చీ లాక్కుని కూర్చుంది, భూతద్దం తీసి తల నుంచి చివరి కాళ్ళ దాకా చూసింది. 

"ఇది చచ్చిన జెర్రి కాదు," అంది చివరికి. "విడిచేసిన చర్మం. పాము కుబుసం లెక్క. లోపల ఉన్నది బయటికొచ్చి పోయింది. ఇప్పుడు ఇంకా పెద్దగ ఉంటది."

అమర్‌నాథ్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

"మన దిక్కు ఉండేదేనా మేడమ్?" అని అడిగాడు.

"అదే చెప్పుడు కష్టం. జెర్రులు చూస్తే అన్నీ ఒక్క తీరుగనే ఉంటయి. రంగు చూసి చెప్తే నమ్మొద్దు, ఒక్క జాతిలోనే రంగు మారుతది. నూరు కాళ్ళు అంటరు గానీ ఏ జెర్రికీ సరిగ్గా నూరు ఉండవు, దీనికి ఇరవై ఒక్క జతలు." సూది మొనతో చివరి కాళ్ళ జతని చూపించింది. "ఇగో, ఈ తొడ మీద ముళ్ళు ఎట్ల పేర్చి ఉన్నయో చూడాలె. మీసాల మొదట్ల ఎన్ని కణుపులు నున్నగ ఉన్నయో చూడాలె. తల వెనక మొదటి పలక మీద గీత ఉన్నదా లేదా చూడాలె. ఇవన్నీ కలిస్తే, నాకైతే స్కొలోపెండ్ర గిగాంటియా అనిపిస్తున్నది. పేరుల్నే పెద్దదని ఉన్నది. జానాబెత్తెడు పెరుగుతది. కొలంబియా ఉత్తరం, వెనిజులా, ఆ పక్కన కొన్ని దీవులు, అక్కడిది. మన ఆసియాల దొరికేది వేరే."

"మరి పుస్తకాల్లో ఉంటుంది కదా, ఎక్కడెక్కడ ఉంటుందో," అన్నాడు అమర్‌నాథ్.

ఆవిడ నవ్వింది. "పుస్తకాలల్ల కూడ తప్పులున్నయి. పాత కాలంల ఓడలల్ల, పండ్ల గెలలల్ల ఎక్కడికో పోయి దొరికినయి. దొరికిన రేవు పేరు రాసి, అదే దాని సొంతూరు అనుకున్నరు. తెచ్చినోడు నిజం చెప్పడు, చూసినోడు అడగడు. ఎన్నో ఏండ్లు ఆ తప్పు మ్యాప్ అట్లనే నడుస్తది. కనబడుడు వేరే, బతుకుడు వేరే."

పద్నాలుగేళ్ళుగా ఇక్కడ కనబడుతున్న జక్కయ్యకి ఆ చివరి మాట వినబడిందో లేదో తెలీదు. ఆయన ఒకే మాట అడిగాడు.

"కరిస్తే ఏమవుతుంది మేడమ్?"

"పెద్దోళ్ళకి నొప్పి, వాపు, జ్వరం. చాన నొప్పి. చిన్న పిల్లలకే భయం. వెనిజులాల నాలుగేండ్ల పిల్లగాడు పోయిండని డాక్టర్లు రాసిండ్రు." భూతద్దం మూసి పెట్టుకుంది. "ఈ పెట్టెలతోని వచ్చిన నాచంత ఏం చేసిండ్రు?"

అమర్‌నాథ్ జక్కయ్య వంక చూశాడు. ఆవిడ కూడా చూసింది.

"కాల్చేశాను మేడమ్," అన్నాడు జక్కయ్య.

"అంత?"

"అంతా మేడమ్."

గొంతు వణకలేదు. తనకే ఆశ్చర్యమేసింది. మాట గోడకి సున్నం వేసినట్టు నున్నగా వచ్చింది. గౌహర్ మేడమ్ ఊపిరి పీల్చుకుని, "అయితే మంచిదే, షెడ్డు మొత్తం వెతకండి," అని లేచింది. తన నంబరు అందరికీ ఇచ్చి వెళ్ళింది.

కంపెనీ బస్సులో ఇంటికొస్తుంటే మనవాడి ప్రాణం ప్రాణంలో లేదు. ఫోన్ చేసి నిజం చెప్పేద్దాం అనుకున్నాడు. చెబితే? కాల్చాల్సింది దొంగతనంగా పట్టుకెళ్ళాడు, అడిగితే అబద్ధం చెప్పాడు. ఉద్యోగం పోతుంది. భార్య వీసా, పిల్ల వీసా తన వీసాకే కట్టి ఉన్నాయి. ముగ్గురూ సామాను సర్దుకోవాలి. పోనీ, ఆ జెర్రి నా సంచిలోకే ఎందుకు వచ్చుంటుంది, డ్రమ్ములో కాలిపోయే ఉంటుంది అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. ఇంకో క్షణానికి నాలుగేళ్ళ పిల్లాడు గుర్తొచ్చాడు. షెరిన్‌కి ఐదు. ఆ ఒక్క ఏడాది ఏం కాపాడుతుందండీ?

గుమ్మంలో బూట్లు విప్పలేదు. తిన్నగా హాల్లోకి వచ్చాడు. షెరిన్ పాక ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"ఇటు రా. ఇటు రా అంటుంటే," అని చెయ్యి పట్టి లాగేశాడు. పిల్ల బిత్తరపోయింది.

"పాక దగ్గరికి వెళ్ళకు. ఆ దీపాల వైరు షాక్ కొడుతోంది."

సుకుమారి వంటింట్లోంచి వచ్చి, "షాకా? మరి తీసి బాగు చెయ్యండి," అంది.

"మొత్తం తీసి బయట పెట్టేస్తాను."

"మీకేమైనా మతిపోయిందా? రేపు సాయంత్రం పాటలు పాడటానికి కేరల్స్ వాళ్ళు వస్తున్నారు. మన ఇంట్లో పాక బాగుందని అందరికీ చెప్పుకున్నాను. దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను."

చెప్పెయ్యడానికి నోరు తెరిచాడు. పెదాలు వాటంతటవే లోపలికి మడుచుకున్నాయి. నీళ్ళు నములుతూ, "సరే, వైరు ఒక్కటే తీస్తా," అన్నాడు.

వైరు తియ్యడానికి పాక దగ్గరికి వెళ్ళాడు. వంటింటి పట్టకారు చేతిలో ఉంది. నాచు మీద రెండు గొర్రెలు, ఒంటె, పాక కప్పు. లోపల తెల్లగా దూది. పట్టకారు దగ్గరికి తీసుకెళ్ళాడు.  భుజం మీద ఎప్పటి కాటో ఇప్పుడే పడ్డట్టు మండింది. దాన్ని ముట్టుకోలేకపోయాడు. ఎంత సిగ్గేసిందంటే, వెనక్కి తిరిగి ఎవరైనా చూశారేమోనని చూసుకున్నాడు.

పాకని వదిలేసి మిగతా ఇల్లంతా వెతికాడు. దుప్పట్లు దులిపాడు, దిండ్లు పిండాడు, షెరిన్ స్కూలు బ్యాగు బోర్లించాడు. మంచాన్ని గోడకి దూరంగా లాగి, నాలుగు కోళ్ళ కిందా నీళ్ళు పోసిన ప్లాస్టిక్ మగ్గులు పెట్టాడు. తలుపు కింద సందులో తువ్వాలు కూరాడు.

"ఏం జరిగిందో చెబుతారా, చెప్పరా?" అంది సుకుమారి నడుం మీద చేతులు పెట్టుకుని.

"చీమలు," అన్నాడు.

ఆవిడ ఇంకేం అడగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహం ఎన్నిసార్లు చూసిందో. ఎప్పటిలాగే ఏదో పిచ్చి భయం, రెండ్రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకుంది. జక్కయ్యకి కంటి మీద కునుకు పడలేదు.

శుక్రవారం చర్చికి వెళ్ళొచ్చారు. ఆరాధన అంతసేపూ షెరిన్‌ని ఒళ్ళోంచి దింపలేదు. అన్నాలయ్యాక సుకుమారి సాయంత్రం కేరల్స్ వాళ్ళకి గారెలకి పప్పు రుబ్బుతోంది. పాకకీ పిల్లకీ మధ్య కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు మనవాడు. నిద్రలేని ఒళ్ళు, కడుపు నిండా తిండి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునికాడు.

సన్నగా పాట వినబడి కళ్ళు తెరిచాడు. షెరిన్ జోలపాట పాడుతోంది. కుర్చీ వెనక నుంచి వెళ్ళి పాక ముందు బోర్లా పడుకుని, చెయ్యి మణికట్టు దాకా లోపలికి పెట్టి ఉంది.

"షెరిన్," అన్నాడు. అరవలేదు. 

"ష్, నాన్నా. దూది జారిపోయింది. కప్పుతున్నా."

"ఎవరికి కప్పుతున్నావమ్మా?"

"అమ్మజెర్రికి. చలేస్తుంది కదా. గుడ్లు పెట్టింది. చుట్టుకుని పడుకుంటుంది, కదలదు. పాపం, ఏమీ తినదు కూడా."

 కుర్చీలోంచి నేల మీదికి జారి, చప్పుడు కాకుండా పాకి కూతురి పక్కకి వచ్చాడు. బెరడు కప్పు కింద చీకట్లో తెల్లటి దూది, దాని అంచున వేలెడు లావు ఎర్రటి చుట్ట. చుట్ట మధ్య లేత పసుపు ముత్యాల్లాంటి గుడ్లు. చుట్టలోంచి రెండు మీసాలు పైకి లేచి అటూ ఇటూ ఆడుతున్నాయి. వాటికి బెత్తెడు దూరంలో కూతురి చిటికెన వేలు.

"చెయ్యి లాగకు. నేను పట్టుకుంటాను. నేను తీసినట్టు తియ్యి."

తన చేతిని ఆ పాకలోకి పెట్టాడు జక్కయ్య. బూటులో వేలు పెట్టడానికి జడిసే మనిషి. తన అరచేతిని జెర్రికీ పిల్ల చేతికీ మధ్య అడ్డంగా పెట్టి, ఆ చిన్న మణికట్టుని మెల్లగా, మెల్లగా వెనక్కి జరిపాడు. మీసం ఒకటి వచ్చి తన వేలి గోరుని తాకింది. తాకి, తడిమి, ఆగింది. కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన గుర్తుకు రాలేదు, ఏ మాటా గుర్తుకు రాలేదు. మీసం వెనక్కి పోయింది. పిల్ల చెయ్యి బయటికి వచ్చింది, తన చెయ్యీ వచ్చింది.

పక్కనున్న బట్టల టబ్బు తీసి పాక మొత్తం మీద బోర్లించాడు. వంటింట్లోంచి బియ్యం బస్తా ఈడ్చుకొచ్చి టబ్బు మీద పెట్టాడు. పెట్టి, దాని మీద కాళ్ళు పైకి ముడుచుకుని తనే కూర్చున్నాడు. పప్పు చేతులతో వచ్చిన సుకుమారి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి ఉందే అది?" అని పిల్లని అడిగాడు.

"గొర్రెలు పెట్టినప్పటి నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు? అమ్మకెందుకు చెప్పలేదు?"

షెరిన్ వింతగా చూసింది. "నువ్వే కదా నాన్నా, ఇందులో ఏం ఉందో ఎవరికీ చెప్పొద్దన్నావు. నీకు తెలుసనుకున్నా."

జక్కయ్య టబ్బు మీద కూర్చునే గౌహర్ మేడమ్‌కి ఫోన్ చేశాడు. ఇంట్లో జెర్రి ఉంది, రండి అన్నాడు. అంతవరకే. సంచి సంగతి నోటిదాకా వచ్చి ఆగింది.

సాయంత్రం ఎండ ఉండగానే వచ్చిందావిడ, అమర్‌నాథ్ కారులో తీసుకొచ్చాడు. అమర్‌నాథ్‌ని చూడగానే జక్కయ్య టబ్బు మీంచి దిగిపోయాడు. సుకుమారి పిల్లని ఎత్తుకుని గోడకి ఆనుకుని నిలబడింది. గౌహర్ మేడమ్ పొడుగు పట్టకారూ, మూతున్న గాజుపెట్టే తీసింది. కదిలిస్తే గుడ్లన్నీ తనే తినేస్తుందని, తల్లి జెర్రులు బెదిరితే అలా చేస్తాయని మెల్లగా చెప్పింది. అందుకని బెరడుతో, దూదితో, గుడ్లతో సహా మొత్తాన్ని ఒక్కసారిగా పెట్టెలోకి జరిపింది. మూత బిగించి భూతద్దంలోంచి చివరి కాళ్ళు చూసింది.

"అదే జాతి అనుకుంటున్న. మైక్రోస్కోప్ కింద చూసి చెప్తా." తలెత్తి జక్కయ్య వంక చూసింది. "కానీ ఇది దోహాల, మనుషులుండే ఇంట్ల, గుడ్లతోని దొరికింది. ఎక్కడికెళ్ళి వచ్చిందో తెలియకపోతే నేను ఏమని రాయాలె? ఇక్కడ పుట్టి పెరుగుతున్నదని రాస్తే అదే తప్పు మ్యాప్ ఇంకోటి. ఇట్లాంటియి ఊరంత ఉన్నయని జనం జడుస్తరు. ఈ నాచు ఎక్కడిది?"

 జక్కయ్య పెదాలు లోపలికి మడుచుకున్నాయి. ఆవిడ షెరిన్ దగ్గరికి వచ్చి తలొంచింది.

"నువ్వు చెప్పు బేటా. ఈ నాచు ఎక్కడిది?"

షెరిన్ నాన్న వంక చూసింది. తర్వాత అమర్‌నాథ్ వంక చూసింది, కంపెనీ వాళ్ళంటే ఇతనేనని ఆ పిల్లకి తెలుసు. చిన్న పెదాలు రెండూ లోపలికి మడిచింది. విప్పి, తొణక్కుండా చెప్పింది.

"సూక్‌లో కొన్నాం ఆంటీ."

ఆ గొంతు వణకలేదు. నిన్న షెడ్డులో 'కాల్చేశాను మేడమ్' అన్నప్పుడు జక్కయ్య గొంతు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. బెత్తెడు దూరంలో మీసాలు ఆడుతున్నప్పుడు కూడా జక్కయ్యకి అంత భయం వెయ్యలేదు. దూది కింద అది ఉన్నదని తెలిసి కూడా, దాని పక్కన చెయ్యి పెట్టి కూడా, ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఇదే మొహంతో బడికి వెళ్ళొచ్చింది, అన్నం తింది, పక్కలో పడుకుంది.

"అబద్ధం చెబుతోంది మేడమ్," అన్నాడు. "నేనే నేర్పాను. అది కొలంబియా పెట్టెలోది. కాల్చాల్సింది కాల్చకుండా నేనే తెచ్చాను. అమర్‌నాథ్ గారికి కూడా అబద్ధం చెప్పాను."

అమర్‌నాథ్ నేల చూపులు చూశాడు. సుకుమారి చేతుల్లోంచి షెరిన్ కిందికి జారి పరిగెత్తుకొచ్చింది. ఇంతవరకూ దేనికీ బెదరని పిల్ల భోరున ఏడుస్తూ తండ్రి మెడ పట్టుకుని పైకెక్కింది.

"చెప్పకు నాన్నా, నిన్ను పంపించేస్తారు, చెప్పకు," అంటూ అరచేత్తో ఆయన నోరు గట్టిగా మూసేసింది.

ఆ చేతికి ఇంకా దూది అంటుకుని ఉంది. జక్కయ్య ఆ చేతిని మెల్లగా నోటి మీంచి తీసి, తన చేతిలోనే పట్టుకుని, మేడమ్ రాసుకోవడానికి వీలుగా మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.